గ్రూప్ ప్రాక్టీస్ వదిలేస్తుంటే క్లయింట్లకు చెప్పకూడదా? – సమాధానం

ఒక థెరపిస్టు అడిగిన ప్రశ్న: ‘కొందరు థెరపిస్టులు ఒకే ఓనర్ కింద పనిచేసే గ్రూప్ ప్రాక్టీస్ వదిలి వెళ్తున్నాను. క్లయింట్లకు చెప్పొద్దని ఓనర్ అంటున్నారు. నిజంగా చెప్పకూడదా?’

‘వెళ్తున్నట్టు క్లయింట్లకు చెప్పొద్దు’ అని మీ ఓనర్ అంటున్నది బహుశా కాంట్రాక్టులో రెండు షరతులను కలిపేసి. పోటీగా ప్రాక్టీస్ పెట్టకూడదనేది ఒకటి. క్లయింట్లను మీవైపు లాక్కోకూడదనేది ఇంకొకటి. ‘నేను వెళ్తున్నాను’ అనడం, ‘నాతో వచ్చేయండి’ అనడం ఒకటి కాదు.

1. ఆ రెండూ విడివిడిగా చదవండి. అవి ఎంతవరకు చెల్లుతాయనేది దేశాన్ని, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, లాయర్‌కు చూపించండి.

2. క్లయింట్లకు ఏం చెప్పాలో ఓనర్‌తో రాతపూర్వకంగా ఖరారు చేసుకోండి. చెప్పకుండా మాయమైతే క్లయింటును నడిమధ్యలో వదిలేసినట్టే. ఈ మాట ఓనర్‌కూ గుర్తుచేయండి.

3. సెషన్‌లోనే చెప్పండి. వాళ్ల ముందు మూడు దారులు పెట్టండి: పాత ప్రాక్టీస్‌లోనే వేరే థెరపిస్టు, మీ కొత్త చోటు, లేదా బయట ఇంకొకరు. ఎంపిక వాళ్లది. ఏమన్నారో నోట్స్‌లో రాయండి.

4. చాలామంది జారేది ఫైళ్ల దగ్గరే. క్లయింటు మీతో వస్తానన్నంత మాత్రాన ఫైలు మీది అయిపోదు, సాధారణంగా అది ప్రాక్టీస్ దగ్గరే ఉంటుంది. ఫోన్ నంబర్లు, నోట్స్ ముందే కాపీ చేసుకోవద్దు. గోప్యత గొడవలు మొదలయ్యేది అక్కడే. క్లయింటు సంతకంతో రికార్డుల విడుదల పత్రం (రికార్డులు మీకు పంపడానికి అనుమతి) పాత చోట ఇప్పించండి. మీ దగ్గర కొత్తగా సమ్మతి పత్రం, ఫీజు ఒప్పందం రాయించుకోండి. పాత సంతకం కొత్త ప్రాక్టీస్‌కు పనికిరాదు.

5. ఇన్సూరెన్స్‌తో వచ్చేవాళ్లుంటే ప్యానెల్‌లో (ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకున్న థెరపిస్టుల జాబితాలో) మీ పేరు కొత్త చోటుకు మారిందో లేదో మొదటి సెషన్‌కు ముందే చూసుకోండి.