తాపీ పట్టుకుంటానంటే పట్టుకోనివ్వండి, కానీ మెట్టు మెట్టుగా

ప్రశ్న: మాది పెందుర్తి. మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఇంటర్ ఎంపీసీ సెకండియర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ పోయాయి. వేసవిలో మా తమ్ముడి వెంట మధురవాడలో సిమెంట్ బ్లాకుల పనికి సరదాగా వెళ్లాడు. అప్పటి నుంచి చదువు మాటెత్తితే చాలు, "మావయ్య దగ్గర మేస్త్రీ పని నేర్చుకుంటా" అంటున్నాడు. వాళ్ల నాన్నగారు వాడితో మాట్లాడడమే మానేశారు. ఇంతా చదివించింది కూలి పనికి పంపడానికా? అసలు గోడ కట్టడంలో ఏళ్ల తరబడి నేర్చుకోవడానికి ఏముంది?

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మిగతా వాటికి దారి అందులోనే దొరుకుతుంది.

బయట నుంచి చూస్తే బ్లాకు మీద బ్లాకు పెట్టడమే. ఎర్ర ఇటుక పని కంటే తేలికని కూడా అనిపిస్తుంది. 400 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 200 మందం ఉన్న సిమెంట్ బ్లాకు ఒక్కటే ఎనిమిది మాడ్యులర్ ఇటుకల చోటు నింపుతుంది. చదరపు మీటరు గోడకు పన్నెండున్నర బ్లాకులు చాలు. గోడ చకచకా లేస్తుంది. చిక్కు కూడా అక్కడే వస్తుంది. ఇటుకల్లో హెచ్చుతగ్గులుంటే బోలెడన్ని అతుకుల్లో కాస్త కాస్త సర్దుకుపోవచ్చు. బ్లాకు గోడలో అతుకులు తక్కువ, సర్దుకునే చోటూ తక్కువే. మొదటి వరస వంకరైతే ఆ వంకర పైదాకా వస్తుంది.

400 అని చెప్పుకునే బ్లాకు నిజంగా ఉండేది 390. మిగిలిన 10 మిల్లీమీటర్లు అతుకు వాటా. ఎత్తూ అంతే, 190కి పది కలిపితే 200. అందుకే గోడ పొడవు 200 మిల్లీమీటర్ల లెక్కలో పడితే పని శుభ్రంగా సాగుతుంది. 3.2 మీటర్ల గోడకు వరసకు సరిగ్గా ఎనిమిది బ్లాకులు, 3 మీటర్లయితే ఏడున్నర. అదే ఇంటాయన "పదడుగులు" అన్నాడనుకోండి, అది 3.05 మీటర్లు. ఆ అయిదు సెంటీమీటర్ల కోసం వరస వరసకీ ముక్కలు కొట్టాలి, లేదా అతుకులు లావెక్కించాలి. తెలిసిన మేస్త్రీ మాలు, అంటే సిమెంటూ ఇసుకా నీళ్ల మిశ్రమం, కలపకముందే మొదటి వరసను పొడిగా పేర్చి, తలుపు ఎక్కడ, కిటికీ ఎక్కడ అన్నది చూసుకుని ఈ సంగతి అప్పుడే చెప్పేస్తాడు. తర్వాత రెండు మూలలూ నాలుగైదు వరసలు లేపి, గుండుతో నిలువు, రసమట్టంతో అడ్డం సరిచూసి, ఈ మూల నుంచి ఆ మూలకు దారం లాగి మధ్యలో నింపుకుంటూ పోతాడు. మీ అబ్బాయి ఆ దారం దగ్గరే పడిపోయి ఉంటాడని నా అనుమానం. ఫిజిక్స్ పుస్తకంలో తల తిరిగిన లెక్క, అక్కడ కంటికి కనిపిస్తుంది.

కానీ అసలు విద్య మాలులో ఉంది. మేస్త్రీకీ, బ్లాకులు పేర్చే మనిషికీ తేడా తెలిసేది అక్కడే.

200 మందం గోడకు మామూలుగా ఒక పాలు సిమెంట్‌కి ఆరు పాళ్లు ఇసుక వాడతారు, సన్నటి అడ్డుగోడలకు ఒకటికి నాలుగు. 50 కిలోల సిమెంట్ బస్తా అంటే 35 లీటర్లు. అంత పట్టే కొలత పెట్టె ఒకటి సైట్లో ఉంటే బస్తాకి ఆరు పెట్టెల ఇసుక అని తేలిగ్గా తేలిపోతుంది. చాలా చోట్ల పెట్టె ఉండదు, తట్టలతో పోస్తారు. ఒక తట్ట పొర్లిపోతూ, ఇంకోటి వెలితిగా. దీనికి తోడు, చెమ్మగా ఉన్న ఇసుక ఉబ్బుతుంది. పాతిక శాతం దాకా ఉబ్బడం మామూలే. అదే పెట్టెలో ఇసుక తక్కువ పడి మాలులో సిమెంట్ పాలు ఎక్కువవుతుంది. "ఎక్కువైతే మంచిదేగా, గోడ గట్టిగా ఉంటుంది" అంటారు. కాదు. అలాంటి మాలు ఆరేటప్పుడు ఎక్కువగా కుంచించుకుంటుంది. పైగా మాలు బ్లాకు కంటే గట్టిగా ఉండకూడదు. గోడ కాస్త కదిలితే సన్నటి పగులు అతుకులో రావాలి, దాన్ని పూడ్చుకోవచ్చు. మాలు మరీ గట్టిదైతే బ్లాకే చీలుతుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఏ సైట్‌కైనా వెళ్లి చూడండి. పదకొండింటికి కలిపిన మాలు కుప్పగా ఉంటుంది. తిని వచ్చేసరికి బిగుసుకుంటుంది. హెల్పర్ కుర్రాడు చెంబుడు నీళ్లు పోసి పారతో తిరగేసి, మళ్లీ మెత్తబడింది కదా అని అందిస్తాడు. సిమెంట్‌కి నీళ్లు తగిలాక రెండు గంటల్లోపు ఆ మాలు వాడేయాలన్నది నియమం. బిగుసుకోవడం మొదలయ్యాక నీళ్లు పోస్తే మెత్తదనం వస్తుంది, పట్టు రాదు. పైన పూత వేశాక ఇది ఎవరికీ కనిపించదు. భోజనానికి ముందు ఎంత కలపాలో అంతే కలిపించే మేస్త్రీ దగ్గర మీ వాడు చేరితే అదృష్టవంతుడే.

ఇంకొకటి. ఎర్ర ఇటుకను కట్టే ముందు నీళ్లలో నానబెడతారు. లేకపోతే మాలులో నీళ్లన్నీ అదే పీల్చేసుకుంటుంది. ఆ అలవాటుతో సిమెంట్ బ్లాకులనూ తడిపి ముద్ద చేసే పెద్ద మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. తడిసిన సిమెంట్ బ్లాకు కొద్దిగా ఉబ్బి, గోడలో ఆరేటప్పుడు కుంచించుకుంటుంది. ఇంట్లో చేరిన ఏడాదికి మెట్లు మెట్లుగా కనిపించే సన్నటి పగుళ్లలో చాలావాటికి మూలం ఇదే. ఎండ మండిపోతుంటే బ్లాకు పైభాగాన, పక్కన కొంచెం నీళ్లు చిలకరిస్తే చాలు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బ్లాకులైనా క్యూరింగ్, అంటే గట్టిపడేదాకా తడిగా ఉంచడం, పూర్తయి, నాలుగు వారాలపాటు బాగా ఆరినవి అయి ఉండాలి. లోపల రంధ్రాలుండే హాలో బ్లాకుకైతే పై వైపు, కింది వైపు వేరువేరు. అచ్చులోంచి ఊడిరావడానికి లోపలి గోడలు ఒకవైపు మందంగా చేస్తారు. ఆ మందమైన వైపు పైకి పెడితేనే మాలు పరవడానికి చోటుంటుంది. తలకిందులుగా పెట్టేసిన గోడలు ఎన్నో.

మన విశాఖ సంగతులు కొన్ని అదనం. ఇక్కడ స్టీల్ ప్లాంట్ ఉంది కనుక అక్కడ మిగిలే చిట్టెం కలిపిన స్లాగ్ సిమెంట్ ఎక్కువ దొరుకుతుంది. అది మంచిదే కానీ మొదట్లో నెమ్మదిగా గట్టిపడుతుంది. అందుకని గోడకు ఏడు రోజులు సరిపోయే చోట ఇంకో మూడు రోజులు తడి ఆరకుండా చూసుకోవాలి. పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రం బూడిద వల్ల ఫ్లైయాష్ ఇటుకల పనీ ఇక్కడ ఎక్కువే. పక్కనే సముద్రం ఉంది కదా అని బీచ్ ఇసుక వైపు చూడనే కూడదు. అందులోని ఉప్పు గోడ మీద తెల్లగా పొంగుతుంది, లోపలి ఊచల్ని తినేస్తుంది. ఇక గాలి. విశాఖలో కట్టడాలకు లెక్కవేసే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు మీకూ గుర్తుండే ఉంటుంది. పొడవాటి ప్రహరీ గోడకు నడుమ నడుమ ఊచ నిలబెట్టి, హాలో బ్లాకు రంధ్రాల్లో కాంక్రీట్ నింపాలన్న జాగ్రత్త ఇలాంటి చోట హంగు కాదు, అవసరం. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవం వేళ వానకు గోడ కూలి ఏడుగురు పోయారు. గోడ కట్టడాన్ని "అందులో ఏముంది" అనలేనిది అందుకే.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి. వాడు కోరుకున్నది తప్పు పని కాదు. కానీ ఇప్పటికిప్పుడు మావయ్య వెంట సైట్‌కి పంపొద్దు. పద్దెనిమిది నిండని పిల్లల్ని పరంజాల మీద, బరువుల కింద పని చేయించకూడదు. చట్టం సంగతి అటుంచినా, 200 మందం సాలిడ్ బ్లాకు ఒక్కటే ముప్పై కిలోలు తూగుతుంది. ఎదిగే వయసులో రోజుకు వంద ఎత్తితే నడుం ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా అడ్డా మీద నిలబడి హెల్పర్‌గా మొదలైనవాడి చేతికి తాపీ వచ్చేసరికి ఏళ్లు పడతాయి. మాలు మోయడంలోనే ఉండిపోయేవాళ్లు చాలామంది.

ఆ ఏడాదిని ఐటీఐలో వాడుకోండి. మేసన్ అంటే బిల్డింగ్ కన్‌స్ట్రక్టర్ అనే ట్రేడ్ ఉంది. ఒక ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. కాబట్టి పదో తరగతి మెమోతో మీవాడికి ఏ ఇబ్బందీ లేదు. కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐకి ఒకసారి మీరే వెళ్లి, ఈ ఏడాది మన జిల్లాలోనూ అనకాపల్లి, విజయనగరం వైపూ ఈ ట్రేడ్ సీట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అడగండి. దగ్గర్లో లేకపోతే సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ గురించీ కనుక్కోండి. అది రెండేళ్లు, డ్రాయింగ్ బాగా వస్తుంది, కానీ చేతి పని తక్కువ. మీవాడి ఇష్టం చూస్తే నేను మేసన్ ట్రేడ్‌కే ఓటేస్తాను. మీ తమ్ముడి దగ్గర చెయ్యి తిరుగుతుంది, ఐటీఐలో కారణం తెలుస్తుంది, ప్లాన్ చదవడం వస్తుంది. రెండూ ఉన్న కుర్రాళ్లు సైట్లలో అరుదు. మావయ్య దగ్గరికి ఆదివారాలు వెళ్లి దారం పట్టుకుని చూడనివ్వండి, బరువులు మాత్రం వద్దు.

ఇంటర్ వదిలేయనివ్వొద్దు. ఆ రెండు సబ్జెక్టులూ సప్లిమెంటరీ రాయించండి. ఐటీఐకి ఇది అవసరం లేదు, నిజమే. కానీ పాతికేళ్లు దాటాక సూపర్‌వైజర్ అవుదామనుకున్నప్పుడు సగంలో ఆగిన చదువు కాళ్లకు అడ్డం పడుతుంది. లెక్కలంటే విసిగి మేస్త్రీ పనికి పోతున్నాడేమో కూడా ఒకసారి కూర్చోబెట్టి అడగండి. అదే కారణమైతే చేతిలో టేపు పెట్టి, మీ వంటింటి గోడకు బ్లాకులెన్ని, మాలుకు సిమెంట్ ఎన్ని బస్తాలు అని లెక్క వేయమనండి. ఆసక్తిగా కూర్చుంటే సరే. గోడ మీద చూపు వేసి ఫోన్ తీసుకుంటే మళ్లీ మాట్లాడుకుందాం.

డబ్బు సంగతి. రోజు కూలి ఎంతో మీ తమ్ముడికి నాకంటే బాగా తెలుసు. మీరు అడగాల్సింది ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరికిందని. వానల్లో ఆగుతుంది. 2019లో ఇసుక దొరక్క రాష్ట్రమంతా భవన నిర్మాణ కార్మికులు నెలల తరబడి ఖాళీగా కూర్చున్నారు. ఇంకో మార్పు కూడా వస్తోంది. పెద్ద అపార్ట్‌మెంట్లలో అల్యూమినియం షట్టరింగ్, అంటే అచ్చులు, పెట్టి గోడల్నే కాంక్రీట్‌తో పోసేస్తున్నారు. అక్కడ బ్లాకు పని బాగా తగ్గిపోతుంది. ఇంకోవైపు లోపల సన్నటి గాలి బుడగలుండే తేలికైన ఏఏసీ బ్లాకులు పెరిగాయి. వాటికి మామూలు మాలు కాదు, రెండు మూడు మిల్లీమీటర్ల పలుచటి గమ్ లాంటి మిశ్రమం. పనిముట్టు వేరు, చెయ్యీ వేరు. కాబట్టి ఒక్క బ్లాకు పనినే నమ్ముకోకుండా ప్లాస్టరింగ్, టైల్స్ కూడా చేతికి రావాలి. ఎక్కువ డబ్బు, నిలకడైన పని ఉండేది కొలతలు తీసి, మెటీరియల్ లెక్కగట్టి, నలుగురి చేత చేయించగలిగినవాడికి.

పద్దెనిమిది దాటి, ఏడాదిలో తొంభై రోజులు పని చేశాక భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించండి, అరవై ఏళ్లలోపు ఎప్పుడైనా చేసుకోవచ్చు. సొంతంగా పని చేసుకునే దశ వస్తే పీఎం విశ్వకర్మ పథకంలో రాజమేస్త్రీ వృత్తి ఉంది. పనిముట్లకు 15,000 రూపాయల వరకు, తర్వాత అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, ఆపైన రెండు లక్షల రుణం. గల్ఫ్ మాట ఎవరైనా ఎత్తితే ఇప్పుడే వినకండి. అక్కడ బ్లాకు పనివాళ్లకు గిరాకీ ఉన్న మాట నిజమే. కానీ రెండు మూడేళ్ల అనుభవం లేకుండా వెళ్తే అక్కడా హెల్పరే. వెళ్లే రోజు వస్తే ఏజెంట్ లైసెన్స్ కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకున్నాకే పాస్‌పోర్ట్ చేతికివ్వండి.

సిమెంట్ విషయంలో ఒక జాగ్రత్త. తడి సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది. బ్లాకు కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. రబ్బరు గ్లౌజులు, మంచి మాస్క్ మొదటి రోజు నుంచే అలవాటు చేయించండి. మావయ్య వేసుకోడు కదా అంటాడు, వినకండి.

వాళ్ల నాన్నగారికి ఇది చదివి వినిపించండి. బంధువుల్లో ఏం చెప్పుకోవాలన్న టెన్షన్ మీకంటే ఆయనకే ఎక్కువుందని మీ ఉత్తరంలో తెలుస్తోంది. ఐటీఐలో చేరాడని చెప్పుకోండి, అది నిజమే కూడా. పదో తరగతి మెమో, టీసీ, కుల ధ్రువీకరణ, ఆధార్, ఫొటోలు సిద్ధం చేసుకోండి. టీసీ ఇంటర్ కాలేజీలో ఉండిపోయి ఉంటుంది. సప్లిమెంటరీ రాయడానికి అడ్డం రాకుండా అది ఎప్పుడు తీసుకోవచ్చో కాలేజీ ఆఫీసులో ముందే అడగండి.