పోలండ్‌లో విదేశీయుడిగా ఉండటం ఎలా ఉంటుంది?

ఉద్యోగం దొరికితే చాలనుకుని చాలామంది బయల్దేరతారు. ముందు చూడాల్సింది కాంట్రాక్టు రకం. 'ఉమోవా ఓ ప్రాత్సె', అంటే పూర్తి స్థాయి ఉద్యోగ ఒప్పందం అయితే కార్మిక చట్టం మీకు వర్తిస్తుంది: ఫుల్‌టైమ్ ఉద్యోగికి ఏడాదికి 20 రోజులు, సర్వీసు, చదువు కలిపి లెక్కలో పదేళ్లు నిండితే 26 రోజులు జీతంతో సెలవు. 'ఉమోవా జ్లెత్సేనియా', అంటే కార్మిక చట్టం కిందకు రాని పని ఒప్పందంలో చట్టం ఆ సెలవు హక్కు ఇవ్వదు. సంతకం పెట్టకముందే అడగండి.

అన్నిటికంటే ఓపిక కావాల్సింది 'కార్తా పోబితు', అంటే నివాస కార్డు దగ్గర. నిర్ణయానికి నెలలు పడుతుంది. వీసా గడువు లోపే అప్లై చేస్తే అప్పటిదాకా చట్టబద్ధంగానే ఉండొచ్చు. కానీ వీసా అయిపోయి కార్డు ఇంకా రాకపోతే పక్కనున్న జర్మనీకి కూడా వెళ్లలేరు. ఇండియా వెళ్తే తిరిగి రావడానికి మళ్లీ వీసా తీసుకోవాలి. ఊళ్లో అమ్మకో నాన్నకో బాగోలేదని ఫోన్ వచ్చినప్పుడు ఈ టెన్షన్ మామూలుగా ఉండదు. అందుకే అప్లై చేయడానికి వీసా ఆఖరి వారం దాకా ఆగొద్దు.

వార్సా, క్రాకూఫ్ ఐటీ ఆఫీసుల్లో ఇంగ్లిష్‌తో నడిచిపోతుంది, ప్రభుత్వ ఆఫీసుల్లో కష్టం. పోలిష్‌లో ఏడు విభక్తులు, మనుషుల పేర్లు కూడా మారిపోతాయి. అయినా నేర్చుకోండి. కొత్తవాళ్లను 'పాన్', 'పాని' అనాలి, మన 'గారు' లాంటి మర్యాద అది. మొదట్లో ముభావంగా కనిపిస్తారు. మెట్ల మీద ఎదురైనప్పుడు రోజూ 'జెన్ దోబ్రీ' (మన నమస్కారం లాంటి పలకరింపు) చెబుతూ ఉంటే పక్కింటివాళ్లు మెల్లగా దగ్గరవుతారు.

ఆదివారాలు చాలావరకు సూపర్‌మార్కెట్లు మూసే ఉంటాయి, శనివారమే సరుకులు తెచ్చుకోండి. డిసెంబరులో వార్సాలో మధ్యాహ్నం మూడున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు.