ఆ బాబుకి అందరి ముందూ సారీ చెప్పాలా?

ప్రశ్న: బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి టీచర్ని. మాది అనంతపురం. క్లాసులో 34 మంది. కన్నడ, తెలుగు, తమిళం, హిందీ, ఒడియా అన్నీ ఉన్నాయి. ఒక బాబుకి ఆటిజం అని ఈ ఏడాదే తెలిసింది. గంట మోగితే చెవులు మూసుకుని అరుస్తాడు. పోయిన నెల ఇన్‌స్పెక్షన్ రోజు విసుగొచ్చి, "నువ్వెళ్లి బేబీ క్లాసులో కూర్చో" అని అరిచేశాను. అందరూ నవ్వారు. ఇంకో పాపది కర్నూలు వైపు. జూన్ నుంచి నోరు విప్పలేదు. వాళ్లమ్మ మా క్లాసులోనే చదివే ఇంకో అమ్మాయి ఇంట్లో వంట చేస్తుంది. తమ అమ్మాయిని ఆ పాప పక్కన కూర్చోబెట్టొద్దని ఆ ఇంటావిడ మెసేజ్ పెట్టింది. స్కూల్లో ఇంగ్లీషే మాట్లాడాలని రూలు కాబట్టి పాపని నేను తెలుగులో పలకరించను. ఇంటికొచ్చి నా పిల్లల మీద అరుస్తున్నాను, నిద్ర పట్టడం లేదు. మావారు మానెయ్యమంటున్నారు. ఇప్పుడు క్లాసులో పిల్లలు ఆ బాబుని "బేబీ క్లాస్" అనే పిలుస్తున్నారు. నేను టీచర్‌గా పనికిరానా?

జవాబు: టీచర్ గారూ, అసలు మాట మీరు చివర్లో రాశారు. మీ నోట్లోంచి వచ్చిన మాట ఇప్పుడు వాడికి పేరైపోయింది. ఎడంచేత్తో రాసేదాన్నని మూడో తరగతిలో ఒక మాష్టారు నాకూ ఓ పేరు పెట్టారు. యాభై దాటాక కూడా ఊరెళితే ఒకరిద్దరు అలాగే పిలుస్తారు. వాళ్ల మనసులో ఏ చెడ్డా లేదు, అయినా నాకు ఒళ్లు మండుతుంది.

కాబట్టి సారీ చెప్పండి. అరిచింది అందరి ముందు, పక్కకు పిలిచి చెవిలో చెబితే లెక్క సరిపోదు. హాజరు వేసేముందు, నిలబడి, రెండు ముక్కల్లో: "ఆ రోజు నేను తప్పు మాట అన్నాను. అది ఇక మన క్లాసులో ఎవరూ అనకూడదు." అంతే, వెంటనే పాఠంలోకి వెళ్లిపోండి. కళ్లనీళ్లు పెట్టుకోవద్దు, వాడి చేత "పర్లేదు మిస్" అనిపించొద్దు. టీచర్ సారీ చెబితే పిల్లలు లెక్కచేయరని స్టాఫ్ రూంలో ఎవరో అంటారు. అననివ్వండి.

వాడికి ఆటిజం అని మాత్రం క్లాసులో చెప్పకండి. అది వాళ్ల అమ్మానాన్నలు చెప్పుకోవాల్సిన విషయం. పిల్లలు అడిగితే, "వాడికి గంట మనకన్నా చాలా గట్టిగా వినిపిస్తుంది" అంటే చాలు. ఏడేళ్ల పిల్లలకు ఈ ముక్క పెద్దవాళ్లకన్నా త్వరగా అర్థమవుతుంది.

ఇక గంట సంగతి. అది హఠాత్తుగా మోగడమే సగం బాధ. ఐదు నిమిషాల ముందు వాడి బల్ల మీద ఒక కార్డు పెట్టండి, గంట బొమ్మ వేసి. ఆ రోజు పీరియడ్లన్నీ బొమ్మలుగా ఒక అట్టముక్క మీద అంటించి ఇస్తే, తర్వాత ఏమొస్తుందో వాడికి తెలుస్తుంది. వాడి సీటు వరండా తలుపుకి దూరంగా జరపండి. గంట తన చేత్తో తానే కొడితే ఆ శబ్దం అంత బాధించని పిల్లలు కొందరున్నారు, అందరూ కాదు. ఇంట్లో కుక్కర్ విజిల్ వస్తే ఏం చేస్తాడో ముందు వాళ్లమ్మని అడగండి. మీకు కావాల్సిన సగం సమాచారం ఆవిడ దగ్గరే ఉంది.

ఇదంతా ఒక్కరే మోయక్కర్లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. గుర్తింపు ఉన్న స్కూలు అలాంటి పిల్లల్ని చేర్చుకోవడమే కాదు, వాళ్లకు కావాల్సిన సర్దుబాట్లూ చేయాలి. బాధ్యత మొదట స్కూలుది. ఒక సహాయకురాలు కావాలని, గంట సౌండు తగ్గించాలని ప్రిన్సిపాల్‌కి కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా అడిగితే "చూద్దాం" అంటారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇంకోసారి ఇన్‌స్పెక్షన్ టెన్షన్‌తో అరవబోతే గుర్తుంటుందని.

ఉద్యోగం మానే సంగతి మార్చి దాకా వాయిదా వేయండి. నిద్రలేని మనిషి రాజీనామా రాయకూడదు. మీవారు చెడ్డ మాట అనలేదు, మీ అవస్థ చూడలేక అన్నారు. స్కూలు నుంచి రాగానే ఓ ఇరవై నిమిషాలు ఎవరూ పలకరించకుండా ఆయన చూసుకుంటే, అది మీ పిల్లలకే మేలు. రెండు వారాల్లో నిద్ర కుదుటపడకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ఫోన్ సేవ. ప్రభుత్వానిదే, తెలుగులోనూ మాట్లాడతారు.

ఆ మెసేజ్ పెట్టినావిడకు ఒక్క వాక్యం చాలు: "మా క్లాసులో ప్రతి సోమవారం అందరి సీట్లూ మారతాయి." అన్నట్టే మార్చండి కూడా. "సెలవుల్లో ఎక్కడికెళ్లారు", "నాన్న ఏం చేస్తారు" లాంటి ప్రశ్నలు కొన్నాళ్లు పక్కన పెట్టండి. "మీ ఇంట్లో అందరికన్నా ముందు లేచేదెవరు?" అని అడగండి. ఈ ప్రశ్నకు వంటమనిషి కూతురి దగ్గర మంచి జవాబుంటుంది.

ఆ పాపదీ తెలుగే, మీదీ తెలుగే. ఇన్ని నెలల్లో ఒక్కసారైనా "అన్నం తిన్నావా అమ్మా" అని అడగలేదంటే, ఆ రూలు మీ నోరూ కట్టేసినట్టే. చిన్న క్లాసుల్లో వీలైనంతవరకు మాతృభాష వాడాలనే విద్యాహక్కు చట్టమూ చెబుతోంది. బోర్డు మీద పాలు, పులి, పాము రాసి, పక్కన హాలు, హులి, హావు రాయండి. తెలుగు "ప" కన్నడలో "హ" అయిపోయే ఆట. ఐదు, ఆరు అంకెలైతే రెండు భాషల్లోనూ ఒకటే. కన్నడ పిల్లలకూ తెలుగు పిల్లలకూ ఇందులో సరదా ఉంది. మొదటిసారి ఆ పాపకి తెలిసిన జవాబు పక్కవాళ్లకి తెలియదు.

కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్ని నెలలు మాట్లాడకుండా వింటూ కూర్చోవడం మామూలే. కానీ ఇంట్లో గలగలా మాట్లాడుతూ, స్కూల్లో తోటి పిల్లలతో కూడా ఇన్ని నెలలు పెదవి కదపకపోతే ఒకసారి చూపించాలి. మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి, అందులో పిల్లల విభాగం మీ బెంగళూరులోనే ఉన్నాయి, వాళ్లమ్మకు దారి చెప్పండి.

మాట్లాడమని మాత్రం బతిమాలొద్దు, చాక్లెట్ ఆశ పెట్టొద్దు. తలూపితే అదే జవాబుగా తీసుకోండి. మొదటి మాట మీతో కాక పక్కపిల్లతో అనొచ్చు, "రబ్బరు ఇయ్యి" అనో మరేదో. అప్పుడు చప్పట్లు కొట్టించకండి, విన్నట్టే కనబడకండి. బోర్డు వైపు తిరిగి రాసుకుంటూ ఉండండి.