కంటెయినర్ గది బాత్రూంలో టైల్స్ వేయించే ముందు

అల్లుడూ, ఆశీస్సులు.

శంకర్‌పల్లి తోటలో పెట్టించిన కంటెయినర్ గది ఫోటోలు అక్క చూపించింది. గది బాగుంది. బాత్రూంలో మాత్రం ఉన్న ప్లైవుడ్ మీదే టైల్స్ అతికించేద్దామని మేస్త్రీ అన్నాడట. ఆ మాట విన్నాక ఊరుకోలేక రాస్తున్నాను. నన్నడిగితే బాత్రూం పక్కన నేల మీద కట్టుకోమంటాను. కానీ అక్క మోకాళ్లతో రాత్రిపూట మెట్లు దిగలేదు, కాబట్టి లోపలే ఉండాలి. ప్లైవుడ్ మీద టైల్స్ వేయొచ్చు. స్లాబు మీద వేసినట్టు వేస్తే మాత్రం నిలవవు.

నువ్వు చూసిన వీడియోలన్నీ అమెరికావి. అక్కడ స్నానం టబ్బులోనో అద్దాల అరలోనో అయిపోతుంది, మిగతా నేల పొడిగానే ఉంటుంది. మనది బకెట్టు, మగ్గు. నేలంతా తడుస్తుంది, పైగా నీళ్లు కొట్టి చీపురుతో కడుగుతాం. ఆ నీళ్లను టైల్ ఆపుతుందనుకోకు. టైల్స్ మధ్య సందుల్లోంచి ఎంతో కొంత దిగుతూనే ఉంటుంది. ఆపాల్సింది కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ పొర. డబ్బు, ఓపిక అక్కడ పెట్టు.

కంటెయినర్‌తో వచ్చే ప్లైవుడ్ మామూలుగా 28 మి.మీ. ఉంటుంది, గట్టిదే. కానీ ఏళ్ల తరబడి సరుకు మోసిన నేల అది. నూనె మరకలుంటాయి, పురుగు పట్టకుండా మందు కూడా పట్టించి ఉంటారు. దాని మీద ఏదీ సరిగ్గా అతకదు. పైపుల కోసం బాత్రూం నేల ఎలాగూ ఎత్తాలి కదా, వెల్డర్‌తో అడుగుకో బాక్స్ పైపు వచ్చేలా ఫ్రేమ్ చేయించు. వాలు ఆ ఫ్రేమ్‌లోనే రావాలి, నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ వైపు అడుగుకు 4 మి.మీ. చొప్పున. వాలు కోసం రెండంగుళాల మాలు పోద్దామని మేస్త్రీ అంటాడు. ఒప్పుకోకు. చదరపు మీటరుకు 100 కిలోల దాకా బరువు పడుతుంది. ఆ తడికి ప్లైవుడ్ ఉబ్బుతుంది, ఆరాక కుంచించుకుపోతుంది, పైన మాలు పగులుతుంది.

ఫ్రేమ్ మీద 19 మి.మీ. మెరైన్ ప్లై. షాపువాడు ఎన్ని చెప్పినా షీటు మీద మెరైన్ ప్లై ప్రమాణం ఐఎస్ 710 ముద్ర కనిపిస్తేనే తీసుకో. ఐఎస్ 303 అని ఉంటే అది మామూలు ప్లై, ఈ పనికి వద్దు. షీట్ల మధ్య 3 మి.మీ. సందు వదిలి స్క్రూలు బిగించాక, స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి మధ్యలో పెట్టి, పక్కనే నువ్వు బరువుగా నడిచి చూడు. నీళ్లు ఒలికేలా ఊగితే ఫ్రేమ్‌లో ఇంకో పైపు వేయించు. రెండు ఆధారాల మధ్య దూరంలో 360వ వంతుకు మించి నేల వంగకూడదని లెక్క. ఆరడుగుల దూరానికి అది 5 మి.మీ. టైల్ వంగదు, విరుగుతుంది. ఎంత చేసినా ఊగుతుంటే టైల్స్ ఆశ వదిలేసి వినైల్ షీటు పరిపించు.

ప్లై మీద నేరుగా టైల్ వద్దు, మధ్యలో సిమెంట్ బోర్డు ఉండాలి. బోర్డు కింద కూడా టైల్ అడెసివ్ పల్చగా పూసి, ఆ పైన స్క్రూలు బిగించాలి. లేకపోతే కింద డొల్లగా ఉండిపోతుంది. బోర్డు జాయింట్లు ప్లై జాయింట్ల మీదికి రాకూడదు. వాటి మీద ఫైబర్ మెష్ టేపు వేయించు.

బోర్డు నీళ్లకు పాడవదు గానీ నీళ్లను ఆపదు. దాని మీద వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. గోడ మీదికి అడుగు ఎత్తు, స్నానం చేసే మూలలో ఆరడుగులు. మూలల్లో మెష్. ట్రాప్ దగ్గర కోటింగ్ దాని నోటి లోపలిదాకా దిగాలి. లీకేజీ ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. ఆరాక ట్రాప్ మూసి, గడపకు ఒక ఇటుక వరస అడ్డం కట్టి దానిక్కూడా కోటింగ్ కొట్టించి, 48 గంటలు నీళ్లు నిలబెట్టు. కంటెయినర్ దిమ్మెల మీదే ఉంది కాబట్టి టార్చి వేసి కింద చెమ్మ ఉందేమో చూడు. మేస్త్రీకి వేరే పని ఉందని ఈ రెండు రోజులు తగ్గించకు.

టైల్స్ 300 మి.మీ. యాంటీ స్కిడ్‌వి చాలు, అక్క జారకుండా ఉంటుంది. అడెసివ్ సంచి మీద దాని ప్రమాణం ఐఎస్ 15477 ఉండాలి, సిమెంట్ బోర్డు మీద వాడొచ్చని కూడా రాసి ఉండాలి. మనవాళ్లు అలవాటుగా టైల్స్ బకెట్లో నానేస్తారు. అడెసివ్‌తో వేసేటప్పుడు నానెయ్యకూడదు, తుడిస్తే చాలు. ఎండాకాలం ఆ ఇనప గదిలో అడెసివ్ తొందరగా పైన పొర కడుతుంది, పొద్దున్నే మొదలుపెట్టించు. మొదటి టైల్ వేసిన వెంటనే లేపించి వెనక చూడు. మూలలదాకా అడెసివ్ అంటకపోతే ఎక్కువ పూయమను. టైల్స్ మధ్య 3 మి.మీ. సందు ఉండేలా స్పేసర్లు పెట్టి, ఆ సందుల్లో ఎపాక్సీ గ్రౌట్ నింపించు. సందు లేకుండా ఆనించి వైట్ సిమెంట్ రుద్దుతానంటే వద్దను. గోడ అంచున 6 మి.మీ. వదిలి సిలికాన్ పెట్టించు.

బోర్డు బిగించాక, కోటింగ్‌కు ముందు రోజు ఫోన్ చెయ్యి. ఆదివారమైతే నేనే వస్తాను, ట్రాప్ దగ్గర పని దగ్గరుండి చేయిద్దాం.

మీ మామ