బైకుకీ కారుకీ కలిపి మూడు వేల లోపు టార్క్ రెంచ్: కంపెనీ కన్నా ముందు రేంజ్ చూసుకోండి

మీరు అడిగింది: ఇంట్లో ఒక బుల్లెట్ 350, ఒక స్విఫ్ట్ ఉన్నాయి, ఆయిల్ మార్చడం, ప్లగ్గులు, వీల్స్ విప్పి బిగించడం మీరే చేసుకుంటున్నారు, మూడు వేల లోపు ఏ కంపెనీ టార్క్ రెంచ్ (బోల్టుని కావలసినంత బలంతోనే బిగించడానికి వాడే పానా) మంచిది, సెకండ్ హ్యాండ్‌ది కొనొచ్చా అని. నేనూ చాలాకాలంగా ఇంటి ముందే బండ్ల పని చేసుకుంటున్నాను కాబట్టి చెబుతున్నా. కంపెనీ పేరు పక్కన పెట్టి, ముందు మీరు బిగించబోయే బోల్టులు ఏంటో ఒక కాగితం మీద రాసుకోండి. అక్కడే సగం సమాధానం దొరుకుతుంది.

వీల్ నట్లకి ఇలాంటి చిన్న కార్లలో బిగింపు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల (బిగించే బలానికి కొలత, కింది బిగింపు అంకెలన్నీ ఇందులోనే) మధ్య ఉంటుంది (మీ మోడల్ ఏడాదికి ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి, ఊహించొద్దు). కారు ఆయిల్ డ్రెయిన్ బోల్టు 35 దగ్గర, బైకుది చాలావాటికి 20 నుంచి 30. స్పార్క్ ప్లగ్గు అయితే మర సైజును బట్టి ఉంటుంది, అల్యూమినియం హెడ్‌లో 10 మిల్లీమీటర్ల ప్లగ్గుకి 10-12, 12 మిల్లీమీటర్లదానికి 15-20, 14 మిల్లీమీటర్లదానికి 25-30. ఇక 8 నంబరు, 10 నంబరు పానాలు పట్టే సన్న బోల్టులు, అంటే ఇంజిన్ కవర్లకి ఉండేవి, 10 దగ్గరే ఆగిపోతాయి.

10 నుంచి 110 దాకా అన్నీ ఒకే రెంచ్‌తో కావాలంటే కుదరదండి. క్లిక్ టైప్ రెంచ్‌ని (పెట్టుకున్న అంకె రాగానే 'టిక్' అనేది) దాని గరిష్ఠంలో 20 శాతం కన్నా కింద నమ్మకూడదు, టార్క్ రెంచ్‌లకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం పరీక్షించేది కూడా ఆ 20 నుంచి 100 శాతం మధ్యలోనే. షాపులో ఎక్కువగా చేతిలో పెట్టేది 28-210 ఉండే అర ఇంచ్ డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు ముక్కు సైజు) రెంచ్, అది వీల్ నట్లకి బాగుంటుంది, డ్రెయిన్ బోల్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాని 'టిక్' చేతికి సరిగ్గా తెలియదు, ఇంకా అనలేదే అని మనం లాగుతూనే ఉంటాం, ఈలోపు అల్యూమినియంలో త్రెడ్ పోతుంది. అందుకే ఒక్కటే కొనేటట్టయితే 3/8 ఇంచ్ డ్రైవ్, 19-110 రేంజ్‌ది తీసుకోండి. మీ పనుల్లో సన్న బోల్టులు, చిన్న ప్లగ్గులు తప్ప మిగతావన్నీ దాంట్లో పడిపోతాయి. వీల్ నట్టు సాకెట్ అర ఇంచ్‌ది ఉంటే ఒక అడాప్టర్ చాలు, అంకె ఏమీ మారదు. తర్వాత డబ్బులున్నప్పుడు పావు ఇంచ్‌ది 5-25 రేంజ్‌లో ఇంకొకటి తీసుకోండి.

వీల్స్‌కి టార్క్ రెంచ్ అవసరమా, టైర్ల షాపు వాళ్లు గన్‌తో బిగిస్తారుగా అంటారు కొందరు. ఆ గన్‌తోనే అసలు గొడవ. మా కారుకి ఒక టైర్ల షాపులో అలాగే బిగించి పంపారు, తర్వాత రోడ్డు మీద పంక్చర్ అయితే కారుతో వచ్చిన వీల్ పానా మీద నిలబడి తొక్కినా నట్టు కదల్లేదు. అప్పట్నుంచి బయట ఎవరు వీల్ ముట్టుకున్నా ఇంటికొచ్చాక వదులు చేసి మళ్లీ నేనే బిగిస్తాను, ఎదురెదురు నట్లు వరసగా, చివరి బిగింపు టైరు నేల మీద ఆనాకే.

చవకది కరెక్టుగా చూపిస్తుందా అని టెన్షన్ పడకండి. క్లిక్ రకానికి 10 న్యూటన్ మీటర్లు దాటితే ఐఎస్ఓ 6789 ఒప్పుకునే తేడానే ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం, అంటే 100 పెడితే 96 వచ్చినా 104 వచ్చినా ఫర్వాలేదు. చేతి అంచనాతో బిగించేవాడి తేడా దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. ముల్లు ఉండే బీమ్ టైప్ ఇంకా చవక, చెడిపోవడానికి దాంట్లో ఏమీ లేదు, కానీ ముల్లుని ఎదురుగా చూసి చదవాలి, కారు కింద పడుకుని అది సాధ్యం కాదు. డిజిటల్ ఈ బడ్జెట్‌లో వద్దు.

కొన్నాక ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. బెంచ్ వైస్‌లో రెంచ్ చదరపు ముక్కుని బిగించి, పిడి నేలకి సమాంతరంగా, బిగించే దిశ కిందికి వచ్చేలా పెట్టండి. పిడి మధ్యలో 20 లీటర్ల వాటర్ టిన్ను వేలాడదీయండి. టిన్ను, తాడు కలిపి 21 కేజీలు అనుకుంటే, ముక్కు నుంచి పిడి మధ్యకి 30 సెంటీమీటర్లు ఉంటే, 21 ఇంటూ 9.81 ఇంటూ 0.3, అంటే 62 వస్తుంది, రెంచ్ సొంత బరువుకి ఇంకో 1 కలిపితే 63. ఇప్పుడు 55 దగ్గర పెడితే టిక్ అనాలి, 70 దగ్గర అనకూడదు. టిన్నుని మెల్లగా వదలండి, జారవిడిస్తే ఆ కుదుపుకే టిక్ అంటుంది. అంకె కాస్త అటూ ఇటూ ఉన్నా నేను పట్టించుకోను, ప్రతిసారీ ఒకే చోట అంటోందా లేదా అన్నదే చూస్తాను. ఒకసారి 55కి, ఒకసారి 65కి అంటుంటే వెంటనే వాపసు ఇచ్చేయండి.

స్కేలు చదవడం దగ్గర చాలామంది తడబడతారు. 28-210 రెంచ్‌లలో పిడి ఒక చుట్టు తిరిగితే 14 పెరుగుతుంది, కాబట్టి 100 కావాలంటే నిలువు గీతని 98 దగ్గర పెట్టి పిడి మీద 2 దాకా తిప్పాలి. రెండో వైపు ఫుట్ పౌండ్లు ఉంటాయి, పొరపాటున ఆ గీతల మీద పెట్టారంటే 36 శాతం ఎక్కువ బిగుస్తుంది. మాన్యువల్‌లో కేజీఎఫ్ మీటర్లలో ఇస్తే 9.8తో గుణించుకోండి.

మాన్యువల్‌లో వేరేగా చెప్పకపోతే ఆ అంకెలు శుభ్రమైన, పొడి మరలకి. గ్రీజో ఆయిలో రాసి అదే అంకె పెడితే బోల్టు ఎక్కువ సాగుతుంది. పిడి మధ్యలో పట్టుకుని నిదానంగా లాగండి, టిక్ అనగానే ఆపేయండి, డౌటుతో ఇంకోసారి లాగొద్దు. దీంతో బోల్టులు విప్పకండి, అందుకు మామూలు పానా ఉందిగా. పని అయ్యాక స్కేలుని కనిష్ఠ అంకెకి దించి పెట్టెలో పెట్టండి, అంతకన్నా కిందికి మాత్రం తిప్పొద్దు.

కంపెనీ అంటారా, టపారియా, స్టాన్లీ లాంటి పేర్లు సేల్‌లో మీ బడ్జెట్‌లోకి వస్తే కళ్లు మూసుకుని తీసుకోండి, వారంటీ అడగడానికి ఒక చోటంటూ ఉంటుంది. లేకపోతే ఐఎస్ఓ 6789 అని రాసి, సీరియల్ నంబరుతో కాలిబ్రేషన్ కాగితం (రెంచ్‌ని పరీక్షించి సరిచూశామని ఇచ్చేది) పెట్టి ఇచ్చేది చూడండి, కాగితం మీద నంబరు, రెంచ్ మీద నంబరు ఒకటేనా అన్నది అక్కడే సరిచూడండి. హైదరాబాద్‌లో అయితే రాణిగంజ్, విజయవాడలో అయితే ఆటోనగర్ వెళ్లి చేత్తో తిప్పి చూసి కొనడం మేలు. బేరం మాత్రం ఆడండి.

సెకండ్ హ్యాండ్‌లో క్లిక్ టైప్ నేనైతే కొనను. లోపల స్ప్రింగ్‌ని బిగించి ఎన్నాళ్లు వదిలేశారో, ఎన్నిసార్లు కింద పడేశారో అమ్మేవాడు చెప్పడు, ల్యాబ్‌లో కాలిబ్రేషన్ చేయించే ఖర్చు చూస్తే ఇంత చవక రెంచ్‌కి అది గిట్టుబాటు కాదు. బీమ్ టైప్ దొరికితే, ముల్లు సున్నా మీద నిలబడితే, తీసేసుకోండి.