మూడు, ఏడు, పన్నెండు, నూట ఎనిమిది: ఈ అంకెలకే ఎందుకంత పేరు?

మీ ప్రశ్న ఇది: దేశం మారినా మతం మారినా పురాణాల్లో తిరిగి తిరిగి అవే అంకెలు ఎందుకు వస్తాయి, వాటిలో నిజంగా ఏమైనా మహత్తు ఉందా అని. నాకు ఈ ప్రశ్న మొదట లిఫ్టు దగ్గర ఎదురైంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

కొన్నేళ్లు లిఫ్టుల కంట్రోల్ ప్యానెళ్లకు సెట్టింగ్స్ రాసే పని చేశాను. ఒక పెద్ద భవనానికి వచ్చిన లిస్టులో అంతస్తుల వరస ఇలా ఉంది: 1, 2, 3, 5, 6... 12, తర్వాత నేరుగా 15. ఎవరో టైపింగులో తప్పు చేశారనుకుని దిద్దేశాను. మర్నాడు గట్టిగా చీవాట్లు పడ్డాయి. యజమానికి నాలుగు పనికిరాదు, పద్నాలుగు, ఇరవై నాలుగు, ముప్పై నాలుగు కూడా వద్దు. కొనేవాళ్లలో కొందరికి పదమూడు పనికిరాదు. అన్నీ తీసేశాక పై అంతస్తు బటన్ మీద 39 అని ఉంది. లెక్కపెడితే భవనంలో ఉన్నవి 34 అంతస్తులే. అసలు తంటా తర్వాత వచ్చింది. డ్రాయింగు ప్రకారం 15వ అంతస్తులో తలుపు సెన్సర్ పాడైతే, నేను ఫోన్‌లో "పదిహేను" అన్నాను. మెకానిక్ 15 బటన్ నొక్కి వెళ్లాడు. అది నిజానికి పన్నెండో అంతస్తు. చెడిపోయిన తలుపు 18 అని రాసి ఉన్న చోట ఉంది. అరపూట పోయింది. తప్పు నాదే, బటన్ అంకె చెప్పాల్సింది.

ఆ అరపూట కోపంతోనే ఈ అంకెల సంగతి చదవడం మొదలుపెట్టాను. తెలిసిందేమిటంటే, ఇవన్నీ ఒకే దారిలో గొప్పవి కాలేదు.

నాలుగుది మాట తెచ్చిన తంటా. చైనా భాషలో నాలుగునీ చావునీ దాదాపు ఒకేలా పలుకుతారు, స్వరంలోనే తేడా. జపాన్‌లోనూ అంతే, "షి" అంటే నాలుగు, "షి" అంటే చావు. అదే చైనాలో ఎనిమిది ఉచ్చారణ సంపద కలగడాన్ని సూచించే మాటకు దగ్గరగా ఉంటుంది. బీజింగ్ ఒలింపిక్స్‌ని 2008 ఆగస్టు 8న రాత్రి 8 గంటలకు మొదలుపెట్టింది అందుకే. ఇటలీలో 17 అంటే పడదు. రోమన్ అంకెల్లో రాసిన పదిహేడులో అక్షరాలను అటూ ఇటూ మారిస్తే లాటిన్‌లో "నేను బతికాను" అని వస్తుంది, అంటే బతుకు అయిపోయిందని అర్థం. ఇలా మాట మీద పుట్టిన భయం సాధారణంగా ఆ భాష దాటి పోదు. అమెరికాలోని నవాహో ప్రజలకు ఇదే నాలుగు పవిత్రం: నాలుగు దిక్కులు, నాలుగు పవిత్ర పర్వతాలు. అంకెలోనే ఏదో ఉంటే ఒకచోట చావు, ఇంకోచోట పవిత్రం ఎలా అవుతుంది?

ఏడు సంగతి వేరు. దాని వెనక ఆకాశం ఉంది. స్థిరంగా కనిపించే నక్షత్రాల మధ్య మామూలు కంటికి కదులుతూ కనిపించేవి ఏడు: సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని. ఎవరు ఎక్కడ నిలబడి చూసినా ఏడే. మన వారాల పేర్లు అవే కదా. కానీ ఆది తర్వాత సోమ, సోమ తర్వాత మంగళ, ఈ వరస ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? ఒక కాగితం తీసుకుని వీటిని నెమ్మదిగా కదిలేదాని నుంచి వేగంగా కదిలేదాని దాకా రాయండి: శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. రోజుకు 24 హోరలు, అంటే గంటలు, ఒక్కో హోరకు ఒక్కొక్కరు అధిపతి. శనితో మొదలుపెడితే మూడు చుట్లు తిరిగేసరికి 21 అవుతాయి. మిగిలిన మూడూ శని, గురుడు, కుజుడికి పోతాయి. 25వ హోర, అంటే మర్నాటి మొదటి హోర, సూర్యుడిది. కాబట్టి శనివారం తర్వాత ఆదివారం. అక్కడి నుంచి మళ్లీ లెక్కేస్తే చంద్రుడు, సోమవారం. నేను ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు ఏడు రోజులూ వరసగా కుదిరేసరికి కాసేపు కాగితం వంకే చూస్తూ కూర్చున్నాను.

లెక్కల్లోనూ ఏడు పెంకి ఘటమే. బాబిలోనియా వాళ్లు అరవై ప్రాతిపదికగా లెక్కపెట్టేవాళ్లు. అరవైని రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు అన్నీ నిశ్శేషంగా భాగిస్తాయి. మొదటిసారి మొండికేసేది ఏడు. వాళ్ల మట్టి పలకల మీద భాగహారం కోసం రాసుకున్న పట్టికల్లో ఏడు వరసను మామూలుగా దాటేసేవాళ్లు. గ్రీకులో పైథాగరస్ అనుయాయులు ఏడుని ఎథీనా దేవతతో పోల్చారు. పది లోపు ఏ రెండు అంకెల గుణకారం వల్లా అది పుట్టదు, తను ఇంకో అంకెను పుట్టించదు, తల్లీ లేదు పిల్లా లేదు అని. మన జ్ఞాపకంలో ఒకేసారి ఏడు విషయాల దాకా పడతాయి, అందుకే ఏడు గొప్పది అనేవాళ్లూ ఉన్నారు. దానికి ఆధారంగా చూపేది 1956లో జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్టు రాసిన వ్యాసం. ఆయనే అందులో ఇది బహుశా కాకతాళీయమే అన్నాడు. ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

పన్నెండుకు కారణం చంద్రుడు. పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులు, సంవత్సరానికి పదకొండు రోజులు తక్కువ. ఆ తేడాను సర్దడానికే అధికమాసం, అంటే పదమూడోది. పన్నెండు నిండుతనం అయితే పదమూడు పానకంలో పుడక. నాకు పదమూడు భయం మూలం ఇక్కడే ఉందనిపిస్తుంది. క్రీస్తు చివరి విందులో బల్ల చుట్టూ పదమూడుగురు అనే కథ దాన్ని ఇంకా గట్టిపరిచి ఉంటుంది. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు లెక్కపెడితే పన్నెండు వస్తాయి, అరవై లెక్క కూడా అక్కడి నుంచే వచ్చిందని ఒక ఊహ. బాగుంది గానీ రుజువు లేదు.

మూడు గురించి పెద్దగా చెప్పను. కథ చెప్పిన ఎవరికైనా తెలుసు, ఒకసారి జరిగితే సంఘటన, రెండోసారి అలవాటు, మూడోసారే మలుపు.

పెద్ద అంకెల దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. 108కి మన పంచాంగంలోనే కారణం కనిపిస్తుంది: 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు. అయితే సూర్యుడి దూరం సూర్యుడి వ్యాసానికి సరిగ్గా 108 రెట్లు, చంద్రుడికీ అంతే అని ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. నేనూ ఒకప్పుడు ఉత్సాహంగా పదిమందికి ఫార్వర్డ్ చేశాను. తర్వాత లెక్కేస్తే సూర్యుడికి 107 పైచిలుకు, చంద్రుడికి 110 పైచిలుకు వచ్చాయి. దగ్గరే, కానీ "సరిగ్గా" కాదు. ఇంకో ముచ్చట 4,32,000. కలియుగం అన్నేళ్లు. బాబిలోన్ పూజారి బెరోసస్ చెప్పిన ప్రకారం జలప్రళయానికి ముందు పదిమంది రాజులు ఏలిన కాలమూ అంతే. ఉత్తర యూరప్‌లోని నార్స్ జనం పురాణంలో వీరస్వర్గానికి 540 ద్వారాలు, ఒక్కో ద్వారం నుంచి 800 మంది యోధులు. గుణించండి, మళ్లీ 4,32,000! నాకు ఒళ్లు జలదరించింది. కానీ పాతకాలపు నార్స్ జనం "వంద" అన్నప్పుడు చాలాసార్లు 120 అని అర్థం. అలా చూస్తే 640 ద్వారాలు, 960 మంది, మొత్తం 6,14,400. జలదరింపు అక్కడితో సరి. మొదటి రెంటికీ మాత్రం చుట్టరికం ఉండొచ్చు, రెండూ 60కీ 360కీ లొంగే అంకెలే.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది కృత్తికలు. మామూలు కంటికి ఆ గుంపులో ఆరు చుక్కలు కనిపిస్తాయి. గ్రీకులు మాత్రం వాళ్లు ఏడుగురు అక్కచెల్లెళ్లు అన్నారు. మరి ఏడోది ఏది? మెరోపి మానవుణ్ణి పెళ్లాడినందుకు సిగ్గుతో దాక్కుందని ఒక కథ, ట్రాయ్ నగరం పతనమైందన్న దుఃఖంతో ఎలెక్ట్రా ముఖం చాటేసిందని ఇంకో కథ. ఆస్ట్రేలియా ఆదివాసుల్లోనూ చాలా తెగలకు వాళ్లు ఏడుగురు అక్కచెల్లెళ్లే. మహాభారతం వనపర్వంలో ఇదే ముడిని ఇంకోలా విప్పారు. సప్తర్షుల భార్యలు ఏడుగురు. అగ్నిదేవుణ్ణి చేరడానికి స్వాహాదేవి ఆరుగురి రూపాలు ధరించగలిగింది గానీ అరుంధతి రూపం ధరించలేకపోయింది. అనుమానంతో భర్తలు వదిలేసిన ఆ ఆరుగురే కృత్తికలయ్యారు, అరుంధతి వసిష్ఠుడి పక్కనే ఉండిపోయింది. చూడండి, ఆకాశంలో ఉన్నవి ఆరు, కథకు కావలసింది ఏడు. ఒకరు ఏడోదాన్ని దాచారు, ఇంకొకరు ఏడులోంచి ఒకరిని విడదీశారు. ఏడుని వదులుకోవడానికి మాత్రం ఎవరికీ మనసు రాలేదు.

లక్ష ఏళ్ల కిందట ఆ గుంపులోని రెండు చుక్కలు కొంచెం ఎడంగా ఉండేవి, అప్పటి మనుషులకు నిజంగానే ఏడు కనిపించి ఉంటాయని కొందరు ఖగోళ శాస్త్రవేత్తలు అంటారు. లక్ష ఏళ్లు ఒక కథ నిలబడిందంటే నాకైతే నమ్మకం కుదరలేదు.

ఆ మధ్య ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు మా మేనల్లుణ్ణి డాబా మీదికి తీసుకెళ్లి ఆ చుక్కలు చూపించాను. ముందు ఏ కథా చెప్పలేదు, లెక్కపెట్టమన్నాను అంతే. "ఆరు" అన్నాడు. ఇంకోసారి చూడమంటే, మళ్లీ ఆరే. అప్పుడు, అవి ఏడంటారురా అన్నాను. వాడు కళ్లు చిట్లించి, మెడ అటు తిప్పి ఇటు తిప్పి, కాసేపటికి గట్టిగా అరిచాడు: "ఏడోది దొరికింది మావయ్యా!" ఎక్కడా అని అడిగితే వేలితో చూపించాడు. నాకు మాత్రం అక్కడ ఏమీ కనిపించలేదు.