మిక్సీలో తిప్పినా కలవని కొబ్బరినూనె

ప్రశ్న: మేడమ్, కొబ్బరినూనె, రోజ్‌వాటర్ మిక్సీలో తిప్పి క్రీమ్ చేశాను. గంటకల్లా నూనె పైకి తేలింది. కొన్న క్రీమ్ మాత్రం నెలలైనా విడిపోదు. దాని డబ్బా మీద సెటియరిల్ ఆల్కహాల్, పాలీసార్బేట్ 60 అని ఉంది. ఆల్కహాల్ అంటే టెన్షన్‌గా ఉంది. ముఖానికి రాసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ మిక్సీ తప్పేం లేదమ్మా. జిడ్డు గిన్నె ఉత్త నీళ్లకు లొంగదు, సబ్బుకు లొంగుతుంది కదా, ఇదీ అలాంటిదే. నూనెను, నీటిని కలిపి ఉంచే పదార్థాన్ని ఎమల్సిఫయర్ అంటారు. దాని అణువు ఒక కొసతో నీటిని, ఇంకో కొసతో నూనెను పట్టుకుంటుంది. సన్నటి నూనె బొట్ల చుట్టూ పొరలా చేరి, అవి మళ్లీ ఒకటి కాకుండా ఆపుతుంది. మీ క్రీమ్‌లో పాలీసార్బేట్ చేసేది ఆ పనే.

సెటియరిల్ ఆల్కహాల్ పేరుకే ఆల్కహాల్. తెల్లటి మైనంలా ఉంటుంది. ల్యాబ్‌లో చేతికిస్తే మా విద్యార్థులు కొవ్వొత్తి ముక్క అనుకునేవారు! క్రీమ్‌ను చిక్కబరుస్తుంది, చర్మాన్ని ఎండబెట్టదు. ఈ రెండూ ఎక్కువమందికి పడతాయి. అరుదుగా అలర్జీ వస్తుంది. కొత్త క్రీమ్ అయితే ముందు మోచేతి మడతలో వారం పది రోజులు రాసి చూడండి.

అన్ని ఎమల్సిఫయర్లూ ఇంత సాధువులు కావు. బ్రిటన్‌లో ఎగ్జిమాకు (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) వాడే ఆక్వియస్ క్రీమ్‌లో సాధారణంగా సోడియం లారిల్ సల్ఫేట్ అనే ఎమల్సిఫయర్ ఉండేది. దాంతో ముఖ్యంగా ఎగ్జిమా ఉన్న పిల్లలకు మంట, దురద రావచ్చని అక్కడి మందుల నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించింది.

నాకు భయమల్లా మీ ఇంటి క్రీమ్ గురించే. నీళ్లుండి, పాడవకుండా కాపాడే ప్రిజర్వేటివ్ లేకపోతే బ్యాక్టీరియా, బూజు చేరతాయి. మిగిలింది పారేయండి.